ఫ్యాను తిరుగుతుంది, బొమ్మ రాదు

ర్యామ్ ధరలు మండిపోతున్న రోజుల్లో బొగ్గు పట్టణాల ఇళ్లను వేధిస్తున్న ‘నో డిస్‌ప్లే’ కథ ఇది. నల్ల తెర కనిపించగానే మదర్‌బోర్డు పోయిందనుకోవాల్సిన పని లేదు.

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఏ వేసవి సాయంత్రమైనా కంప్యూటర్ రిపేరు దుకాణం ముందు కాసేపు నిలబడితే ఇలాంటి దృశ్యం కనిపిస్తుంది. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, అన్నం తిని వచ్చిన ఒక తండ్రి బండి ఆపుతాడు. వెనక కూర్చున్న కొడుకు దుప్పట్లో చుట్టిన సీపీయూను రెండు చేతులా పొదివి పట్టుకుని దిగుతాడు.

‘‘అన్నా, ఫ్యాను తిరుగుతున్నది, లైటు ఎలుగుతున్నది. బొమ్మనే వస్తలేదు.’’

‘‘బీపు ఇనొస్తున్నదా తమ్మీ?’’

‘‘లేదన్నా. మొన్నటిదాక మంచిగనే నడిశింది.’’

తండ్రి కలగజేసుకుంటాడు. ‘‘బోర్డు కాలిపోయి ఉంటదని పక్కింటోళ్లు అంటున్నరు. కొత్తది ఏస్తే ఎంతయితది?’’

మెకానిక్ జవాబు చెప్పకుండా పక్క తలుపు స్క్రూలు విప్పుతాడు. లోపల ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య బూడిదరంగు దుమ్ము చాపలా అల్లుకుపోయి ఉంటుంది. గోటితో గీకితే పొర పొరగా ఊడి వస్తుంది, వేలు నల్లబడుతుంది. అతను ర్యామ్‌కు రెండు పక్కలా ఉన్న క్లిప్పులు వెనక్కి నొక్కి పట్టీ బయటికి తీస్తాడు. దాని అంచున ఉన్న బంగారురంగు గీతలను పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్దుతాడు. రబ్బరు మీద నల్లటి చార పడుతుంది. పొడి దులిపి, పట్టీని మళ్లీ స్లాటులో పెట్టి, రెండు క్లిప్పులూ ‘టక్కు’మనే దాకా నొక్కి, స్విచ్ వేస్తాడు. చిన్న స్పీకరులోంచి ఒక్క పొట్టి బీపు. తెర మీద కంపెనీ గుర్తు.

అన్నిసార్లూ ఇంత సులువుగా తేలదు. కొన్నిసార్లు నిజంగానే బోర్డు పోతుంది. కానీ బోర్డు దాకా వెళ్లే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. వాటిని ఒక వరసలో చూడటం తెలియకే ఎన్నో ఇళ్లలో డబ్బు పోతోంది, పిల్లల చదువు ఆగుతోంది.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

రెండు కారణాలున్నాయి. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేసింది. చాలా ఇళ్లలోని పాత యంత్రాలు విండోస్ 11కు సరిపడవు. దాంతో ‘మార్చాలా, నడిపించుకోవాలా’ అన్న ప్రశ్న ఇంటింటికీ వచ్చింది. అదే సమయంలో ర్యామ్ ధరలకు రెక్కలొచ్చాయి. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతా కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతుంటే, మామూలు వినియోగదారుడికి మిగిలేది తగ్గింది. క్రూషియల్ పేరుతో ఇళ్లకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది.

కొత్తది కొనడం భారమైనప్పుడు ఉన్నదాన్ని కాపాడుకోవాలి. రామగుండం, గోదావరిఖని, మంథని, మంచిర్యాల ఇళ్లలో చాలా డెస్క్‌టాప్‌లు హైదరాబాద్ ఆఫీసుల్లో కొన్నేళ్లు పనిచేసి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల చేతులు మారి వచ్చిన డెల్, హెచ్‌పీ యంత్రాలే. గట్టివే, కానీ వయసు మీదపడ్డవి. వాటికి బొగ్గు పట్టణం కొత్త పరీక్ష పెడుతుంది.

దుమ్ము, ఎండ, కరెంటు

సింగరేణి ఇప్పుడు ఏటా 7 కోట్ల టన్నుల అటూ ఇటూగా బొగ్గు తీస్తోంది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టిన తర్వాత చాలాకాలం తవ్వకమంతా భూగర్భంలోనే సాగింది. ఇవాళ ఉత్పత్తిలో సింహభాగం ఓపెన్‌కాస్టులది. బావిలోపల ఉండే దుమ్ము ఆరుబయటికి వచ్చింది. దానికి టిప్పర్ల రాకపోకలు, బొగ్గును నలగ్గొట్టి లోడు చేసే ప్లాంట్ల (సీహెచ్‌పీల) దగ్గర లేచే నుసి, 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ ప్లాంటు, పక్కన వచ్చిన 1,600 మెగావాట్ల తెలంగాణ ప్లాంటు, వాటి బూడిద తోడయ్యాయి. ఎన్ని ట్యాంకర్లతో నీళ్లు చల్లినా, కిటికీ తీసిన ఇంట్లో పొద్దున తుడిచిన బల్ల సాయంత్రానికి గరగరలాడుతుంది.

కంప్యూటర్ డబ్బా ఆ గాలినే పీల్చుకుంటుంది. లోపలి ఫ్యాన్లు గంటల తరబడి గాలిని లాగుతూనే ఉంటాయి, వడగట్టేది చాలావాటిలో ఉండదు. ఎండాకాలంలో పేరుకున్న పొడి దుమ్ము ముందు వేడిని బయటికి పోనివ్వదు. అసలు ఇబ్బంది తొలకరితో మొదలవుతుంది. దుమ్ములోని లవణాలు గాలిలోని తేమను పట్టుకుంటాయి. పొడిగా ఉన్నప్పుడు ఊరుకున్న పొరే తడిసినప్పుడు సన్నటి గీతల మధ్య కరెంటు కారే దారి అవుతుంది. ఎండాకాలమంతా నడిచిన యంత్రం జూన్ జల్లులకు మొండికేయడానికి ఇదొక కారణం.

ర్యామ్ గీతలకు బంగారు పూత ఉంటుంది, బంగారం తుప్పు పట్టదు. మరి రుద్దితే నలుపు ఎందుకొస్తుంది? ఆ పూత చాలా పలుచన. యంత్రం వేడెక్కి చల్లబడిన ప్రతిసారీ పట్టీ స్లాటులో కంటికి కనపడనంత కదులుతుంది. ఏళ్ల తరబడి ఆ రాపిడికి పూత అరిగి, అడుగున ఉన్న నికెల్ బయటపడుతుంది. దాని మీద ఆక్సైడు పొర, ఆ పైన దుమ్ము చేరతాయి. ఒక్క గీత సరిగా తగలకపోయినా తెర నల్లగానే ఉండిపోవచ్చు.

ఎండ సంగతి రామగుండం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 45 డిగ్రీలు దాటే రోజులు ఇక్కడ కొత్త కాదు. బోర్డు మీదా, యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టెలోనూ నిలబడి ఉండే చిన్న స్తూపాల్లాంటి కెపాసిటర్ల ఆయుష్షు, వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాదాపు సగానికి పడిపోతుందని ఇంజినీర్ల లెక్క. పైభాగం చదునుగా ఉండాల్సిన కెపాసిటర్ ఉబ్బినా, గోధుమరంగు మరక కార్చినా, దాని పని అయిపోయినట్టే.

ఇక కరెంటు. ఏప్రిల్, మే నెలల గాలిదుమారాల్లో లైను పోయి వచ్చే ఆ కొన్ని క్షణాలే ఎస్‌ఎంపీఎస్‌కు గండం. సీపీయూ డబ్బాను తాకితే చెయ్యి జిల్లుమంటోందా? అయితే మీ సాకెట్‌కు ఎర్తింగ్ లేదన్నమాట. ఎర్తు లేనప్పుడు 230 వోల్టులలో సగం దాకా, చాలా తక్కువ కరెంటుతో, డబ్బా రేకు మీద నిలుస్తుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కంప్యూటర్ కంటే మనిషి ప్రాణం ముఖ్యం.

బొమ్మ రాకముందు ఏం జరుగుతుంది?

‘ఫ్యాను తిరుగుతోంది కాబట్టి కరెంటు బాగానే ఉంది’ అనుకుంటారు చాలామంది. సగమే నిజం. ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల కరెంట్లు విడివిడిగా ఇస్తుంది. ఫ్యానుకు 12 ఉంటే చాలు. ప్రాసెసర్‌కు అన్నీ కుదురుగా ఉండాలి. అవి కుదిరాక ఎస్‌ఎంపీఎస్ ‘పవర్ గుడ్’ అనే సంకేతం పంపుతుంది. అది అందేదాకా ప్రాసెసర్ ఒక్క అడుగు వేయదు. ఆ సంకేతం రాకపోతే ఫ్యాను గంటలకొద్దీ తిరుగుతుంది, పని మాత్రం మొదలే కాదు.

సంకేతం అందగానే యంత్రం తనను తాను పరీక్షించుకుంటుంది. ప్రాసెసర్ ఉందా, ర్యామ్ పలుకుతోందా, బొమ్మ ఇచ్చే గ్రాఫిక్స్ ఉందా, ఆఖరున హార్డ్ డిస్క్ లేదా ఎస్‌ఎస్‌డీ. ఆ వరసలో ఎక్కడ తప్పు దొరికితే అక్కడే ఆగిపోతుంది. అప్పటికి తెర ఇంకా వెలగలేదు కాబట్టి తప్పును బొమ్మలో చూపలేదు. అందుకే 1981లో వచ్చిన ఐబీఎం పీసీ నుంచే ఒక చిన్న స్పీకరు పెట్టి, బీపులతో చెప్పించారు.

బొగ్గుబావిలో ఏళ్లు పనిచేసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. పని మొదలుపెట్టే ముందు పైకప్పును బారుతో తట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైనది బోలుగా మోగుతుంది. చూపుకు అందని తప్పును చెవి పట్టుకుంటుంది. కార్మికులు పనిలోకి దిగకముందే మైనింగ్ సర్దార్ తనకు అప్పగించిన పని ప్రాంతమంతా పరీక్షించాలన్నది గని చట్టం. వరస తప్పకుండా చూడటం అన్నది ఇక్కడి ఇళ్లకు తాతల కాలం నుంచి వచ్చిన చదువు. కంప్యూటర్ దగ్గర కావాల్సిందీ అదే.

▌బాక్స్: బీపు ఏం చెబుతోంది?

● ఒక పొట్టి బీపు: చాలా బోర్డుల్లో అంతా సవ్యం.
● ఒక పొడవు, రెండు పొట్టి: ఐబీఎం కాలం నుంచి వస్తున్న సంకేతం. గ్రాఫిక్స్ దగ్గర తేడా.
● ఆగకుండా పొడవాటి బీపులు: అవార్డ్ బయాస్ (యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రాం) ఉన్న బోర్డుల్లో ర్యామ్ తేడా.
● కొత్త బోర్డుల్లో కొన్నింటికి సీపీయూ (ఇక్కడ ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది వెలిగి ఆగిపోతే తప్పు అక్కడ వెతకాలి.
● డెల్, హెచ్‌పీ ఆఫీసు యంత్రాల్లో పవర్ లైటే రంగు మారి, లెక్కపెట్టేలా మినుకుమంటుంది. ఆ లెక్కకు అర్థం కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది.
● అసలు బీపే లేదా? ముందు స్పీకరు ఉందో లేదో చూడండి. ఇప్పటి డబ్బాలు చాలావాటిలో ఉండదు.

ఒక వరసలో చూద్దాం

మొదట మానిటర్. సీపీయూ నుంచి వచ్చే కేబుల్ తీసేసి మానిటర్‌ను మాత్రమే ఆన్ చేయండి. ‘నో సిగ్నల్’ అనో, ‘చెక్ కేబుల్’ అనో వస్తే మానిటర్ బతికే ఉంది. ఏమీ రాకపోతే చాలావరకు తప్పు దానిదే. కేబుల్ మళ్లీ పెట్టి నడుపుతూ, చీకట్లో టార్చి లైటు ఏటవాలుగా వేస్తే బొమ్మ లీలగా కనిపించిందా? వెనక వెలుగు పోయిందంతే, కంప్యూటర్ భేషుగ్గా ఉంది. మానిటర్ బటన్లలో హెచ్‌డీఎంఐ, వీజీఏ ఎంపిక ఉంటుంది. కేబుల్ ఒకదానికి పెట్టి, ఎంపిక మరోదాని మీద ఉంచినా నల్ల తెరే.

విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రమైతే కేబుల్ ఆ కార్డుకే ఉండాలి. ఇల్లు తుడిచేటప్పుడు తీసి, మళ్లీ పెట్టేటప్పుడు బోర్డు సాకెట్‌కు పెట్టేయడం తరచూ జరిగేదే. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే దానికి సొంత గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు సాకెట్ నుంచి బొమ్మ ఎన్నటికీ రాదు.

రెండోది కీబోర్డు. రెండు మూడు నిమిషాలు ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతోందంటే లోపల యంత్రం మేల్కొనే ఉంది. బొమ్మ వచ్చే దారిలోనే తేడా. విండోస్ దాకా వెళ్లి నల్లబడితే విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ మళ్లీ మొదలవుతుంది.

ఇక డబ్బా విప్పాలి. గోడ స్విచ్ ఆపి, తీగ పీకి, పవర్ బటన్‌ను పది సెకన్ల దాకా నొక్కి ఉంచితే మిగిలిన కరెంటు దిగిపోతుంది. డబ్బా ఇనుపరేకును చేత్తో తాకి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోనివ్వాలి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, దుమ్మును ఆరుబయట, మెత్తటి బ్రష్షుతో, బ్లోయర్‌తో దులపాలి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. లేదంటే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది.

తర్వాత ర్యామ్. పట్టీని అంచులతో పట్టి తీయాలి. మెత్తటి రబ్బరుతో ఒకటి రెండుసార్లు, ఒత్తిడి లేకుండా తుడిస్తే చాలు. ఊరికే రుద్దుతుంటే మిగిలిన బంగారు పూత కూడా పోతుంది. రెండు పట్టీలుంటే ఒక్కటే పెట్టి, స్లాటు మార్చి, తర్వాత రెండోది చూడాలి. ఏ పట్టీ, ఏ స్లాటు మొరాయిస్తోందో అప్పుడే తేలుతుంది. కొత్తగా డీడీఆర్5 ర్యామ్ వేసినవారు తొందరపడొద్దు. మొదటిసారి ఆ బోర్డు ర్యామ్‌తో సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది.

ర్యామ్ తర్వాత ప్లగ్గులు. బోర్డుకు 24 పిన్నుల పెద్ద ప్లగ్గుతో పాటు, ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నుల చిన్న ప్లగ్గు ఉంటుంది. అది ఊడితే ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, ప్రాసెసర్ మాత్రం ఆకలితో ఉంటుంది. ఆ తర్వాత బోర్డు మీది గుండ్రటి సెల్, సీఆర్2032. తీగ పీకి, దాన్ని కొన్ని నిమిషాలు తీసి పెడితే చాలా బోర్డుల్లో పాత సెట్టింగులు చెరిగిపోతాయి. ఏళ్లు నిండిన సెల్ అయితే మార్చేయండి.

అప్పటికీ రాకపోతే మెకానిక్కులు చేసే తెలివైన పరీక్ష ఒకటుంది. ర్యామ్ పట్టీలన్నీ తీసేసి స్విచ్ వేస్తారు. స్పీకరు గోలపెడితే, ర్యామ్ లేదని గుర్తుపట్టేంత ప్రాణం బోర్డుకూ ప్రాసెసర్‌కూ ఉన్నట్టే. స్పీకరు ఉండి కూడా నిశ్శబ్దంగా ఉంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడాలి. డెల్, హెచ్‌పీ యంత్రాల్లో కొన్నింటికి బజారు ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గు సరిపోదు, ఆ మోడల్‌దే కావాలి. ఇవన్నీ అయ్యాకే బోర్డు, ప్రాసెసర్ పేరెత్తాలి.

▌బాక్స్: ఇవి చేయొద్దు

● ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పొద్దు. తీగ పీకినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.
● ర్యామ్‌ను గరుకు కాగితంతో, తడిగుడ్డతో తుడవొద్దు.
● కరెంటు ఉండగా ర్యామ్, కార్డు పీకొద్దు.
● ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ బోర్డు మీద వాడొద్దు. స్థిర విద్యుత్తు పుడుతుంది.
● సీపీయూను నేల మీద పెట్టొద్దు. దుమ్ము ఎక్కువగా చేరేది అక్కడే.
● నల్ల తెర అని హార్డ్ డిస్క్ ఫార్మాట్ కొట్టనివ్వొద్దు. అందులోని ఫొటోలకూ బొమ్మ రాకపోవడానికీ సంబంధం ఉండటం చాలా అరుదు.

తెర ఆగితే ఎవరి పని ఆగుతుంది?

తెలంగాణలో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. మౌసు పట్టుకుని, గడియారం చూసుకుంటూ, తెర మీద లెక్క చదివి కాగితం మీద చేయడం ఫోన్‌తో అలవడేది కాదు. గనుల్లో కాంట్రాక్టు పని చేసే తండ్రి తెచ్చిన పాత డెస్క్‌టాప్ ఆ ఇంట్లో పిల్లకు కోచింగ్ సెంటర్‌తో సమానం. పరీక్షకు నెల ముందు అది ఆగిపోతే ఆ పిల్ల మనసు ఎంత కుదేలవుతుందో, రిపేరు బిల్లు చూసి వెనుదిరిగే తండ్రి ముఖం చూస్తే తెలుస్తుంది.

నవంబరు వస్తే రిటైరైన కార్మికుల వంతు. బొగ్గు గనుల పింఛను తీసుకునేవారు బతికే ఉన్నామని ఏటా ధ్రువీకరించాలి. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్‌తో వేలిముద్ర వేస్తే సరిపోతోంది. నెట్ సెంటర్‌లో ఉన్న ఒకే యంత్రం నల్లబడితే ఎయిటింక్లైన్ కాలనీ నుంచి ఆటోలో వచ్చిన పెద్దాయన మళ్లీ ఇంకోరోజు రావాలి. ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీల్చి ఆయాసపడే మనిషికి ఆ రెండో ప్రయాణం చిన్నది కాదు. ఆ సెంటర్ నడిపే అమ్మాయికి రోజు కూలీ పోతుంది, పైగా వచ్చినవాళ్ల కోపం భరించాలి.

అందుకే ఈ మరమ్మతు విద్యను చిన్నచూపు చూడకూడదు. ర్యామ్ తుడిచి ఇచ్చి న్యాయమైన కూలి తీసుకునే మెకానిక్ ఒక పిల్ల చదువును, ఒక ముసలాయన పింఛనును నిలబెడుతున్నాడు.

దుకాణంలో అడగాల్సిన మాటలు

యంత్రం ఇచ్చే ముందు సీరియల్ నంబరు, ర్యామ్ ఎన్ని జీబీ, డిస్క్ ఎంత అన్నది చీటీ మీద రాయించుకోండి. ‘ఏది మార్చినా ముందు చెప్పండి’ అనండి. ఏదైనా భాగం పోయిందంటే, పనిచేసే మరో యంత్రంలో పెట్టి చూపించమని మర్యాదగా అడగండి. నిజాయితీ ఉన్న మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు. మార్చిన పాత భాగం మీదే, తిరిగి తీసుకోండి. బోర్డు మీది చిప్పులను విప్పి బాగుచేసే ‘చిప్ లెవల్’ సర్వీసు చేస్తామంటే ఎంత గ్యారంటీ ఇస్తారో కాగితం మీద పెట్టించుకోండి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. కంపెనీల మాన్యువళ్లు, సర్వీసు సమాచారం అక్కడ వెతకొచ్చు.

నిజంగా ఆయుష్షు తీరిన బోర్డును చెత్తకుండీలో వేయొద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కొత్త ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం అది రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. రాగి కోసం తీగలు కాల్చితే వచ్చే పొగ ఈ ఊరి ఊపిరితిత్తులకు అదనపు బరువు.

బడిలో నేర్పాల్సిన చదువు

మన హైస్కూళ్లలో కంప్యూటర్ అంటే మీటలు నొక్కడమే నేర్పుతున్నాం. డబ్బా విప్పి లోపల ఏముందో చూపించేవారు తక్కువ. ప్రతి బడిలో, ప్రతి ఐటీఐలో పనికిరాదని మూలన పెట్టిన యంత్రం ఒకటి ఉంటుంది. నెలకో శనివారం దాన్ని బల్ల మీద పెట్టి, తీగ పీకి, ర్యామ్ తీయడం, పెట్టడం, బీపు వినడం పిల్లలతో చేయించవచ్చు. ఆడపిల్లలను వెనక నిలబెట్టకుండా స్క్రూడ్రైవర్ వాళ్ల చేతికే ఇవ్వాలి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఊళ్లోని మెకానిక్కును గురువుగా పిలిచి, ఆ పూట కూలి కట్టిస్తే చాలు.

రామగుండం, గోదావరిఖని కాలనీల్లో ఫిట్టర్లున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు, హాలేజీ మోటార్లను, పంపులను చెవితో విని తప్పు చెప్పగల రిటైర్డ్ కార్మికులున్నారు. వాళ్ల పిల్లలూ మనవళ్లూ నల్ల తెర ముందు చేతులెత్తేయాల్సిన అవసరం లేదు. ఊహ మీద భాగాలు మార్చడం మానేసి మానిటర్, కేబుల్, కీబోర్డు, ర్యామ్, ప్లగ్గు, సెల్, ఎస్‌ఎంపీఎస్ అన్న వరసను కంఠస్థం చేయిస్తే, పోయిందనుకున్న యంత్రాల్లో చాలా వాటికి ఈ ఊళ్లోనే, ఈ చేతుల మీదే ప్రాణం వస్తుంది. వచ్చే వేసవి సెలవుల్లోనే ఆ పని మొదలుపెడదాం.